పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రేకు కబురు ఎవరితో, ఎంతవరకు పంచుకోవాలి?

ప్రశ్న: నేను బొబ్బిలి దగ్గర ఒక చిన్న ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రలోహాల) కర్మాగారంలో సరుకు రాకపోకలు చూసే గుమస్తాను. మాకూ, పొరుగున ఉన్న మరో రెండు కర్మాగారాలకూ మాంగనీసు ఖనిజం రేకుల్లో, అంటే గూడ్స్ రైలు వ్యాగన్ల పూర్తి వరుసల్లో, వస్తుంది. ముగ్గురికీ లారీలు సమకూర్చే కాంట్రాక్టరు ఒక్కరే. పోయిన వేసవిలో మా రేకు, పక్కవారి రేకు ఒకే రాత్రి రావడంతో లారీలు చాలక ఇద్దరమూ డెమరేజ్ (వ్యాగన్లు ఆలస్యంగా ఖాళీ చేసినందుకు రైల్వేకు కట్టే రుసుము) కట్టుకున్నాము. ముందుగా ఒకరికొకరం చెప్పుకుందామంటే, వ్యాపారం గుట్టు బయటపడుతుందని మా యజమాని ఒప్పుకోవడం లేదు. ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మీ యజమాని భయం అకారణమైనది కాదు, కానీ ఆయన దాచవలసినదీ మీరు చెప్పదలచినదీ ఒకటి కావు. 58 బాక్సెన్ (పైకప్పు లేని) వ్యాగన్ల రేకులో దాదాపు నాలుగు వేల టన్నుల ఖనిజం వస్తుంది. 25 టన్నుల చొప్పున మోసినా 160 లారీ ట్రిప్పులు కావాలి; రెండు రేకులు ఒకేసారి దిగితే 320. వ్యాగన్లు ప్లేస్‌మెంట్ అయిన (సరుకు దించే చోట నిలిపిన) క్షణం నుంచి రైల్వే ఇచ్చే ఉచిత గడువు రోజుల్లో కాదు, గంటల్లో ఉంటుంది. అది దాటితే ఒక్కొక్క వ్యాగన్‌కూ గంటల లెక్కన డెమరేజ్, దించిన సరుకు గూడ్స్ షెడ్‌లో గడువు మించి ఉండిపోతే వార్ఫేజ్ పడతాయి. ఒక్క రోజు ముందు కబురు అంది ఉంటే కాంట్రాక్టరు పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో అదనపు లారీలు తెచ్చి ఉండేవారు.

మన దేశంలో రేకు ఎక్కడుందో రైల్వేకు తెలుసు. 1986లో ఏర్పడిన, రైల్వే కంప్యూటర్ వ్యవస్థలు చూసే క్రిస్ సంస్థ రూపొందించిన ఫోయిస్ అనే సరుకు రవాణా సమాచార వ్యవస్థలో ఇండెంట్ (వ్యాగన్లు కావాలని పెట్టే అర్జీ) మొదలుకొని వ్యాగన్ల విడుదల వరకు నమోదవుతుంది. తమ సరుకు ఎక్కడికి చేరిందో వ్యాపారులు అందులో చూసుకోవచ్చు. అయితే మీ రేకు రాయగడ దాటిందని మీకు తెలిసిన గంటలోనే పక్కవారి రేకు విశాఖ రేవు నుంచి బయలుదేరిందని వారికి మాత్రమే తెలుస్తుంది. రెండు కబుర్లూ ఒకచోట చేరినప్పుడే లారీల లెక్క కుదురుతుంది.

కాబట్టి రేకు బయలుదేరిన తేదీ, చివరగా దాటిన స్టేషను, ప్లేస్‌మెంట్ అంచనా సమయం, కావలసిన లారీల సంఖ్య నిస్సంకోచంగా చెప్పండి. అందరి కళ్ల ముందూ దిగే రేకు రహస్యం కానే కాదు. ఖనిజం కొన్న ధర, దాని గ్రేడు, సరఫరాదారుతో ఒప్పందం, రాబోయే నెలల కొనుగోలు ప్రణాళిక, మీ కొనుగోలుదారుల పేర్లు మాత్రం పెదవి దాటనివ్వకండి. ఇది కేవలం వ్యాపార జాగ్రత్త కాదు. పోటీదారులు కూడబలుక్కుని ధరలు నిర్ణయించడాన్ని, సరఫరాను పరిమితం చేయడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ నిషేధిస్తుంది. లారీల కోసం మొదలైన మాట ధరల మీదికి మళ్లితే ముగ్గురూ చిక్కుల్లో పడతారు.

అమెరికాలో ఈ గీత ఇంకా స్పష్టంగా ఉంది. అక్కడ పట్టాలు వేర్వేరు ప్రైవేటు కంపెనీలవి. ఒకే వ్యాగన్ దారిలో రెండు మూడు కంపెనీల చేతులు మారుతుంది. అందుకే వ్యాగన్‌కు ఇరువైపులా బిగించిన ట్యాగులను పట్టాల పక్కనున్న యంత్రాలు చదువుతాయి. అలా చేరిన సమాచారాన్ని రైల్‌ఇంక్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా కంపెనీలు పంచుకుంటాయి. అదే సమయంలో, ఒక వ్యాపారి ఏ సరుకు, ఎంత, ఎవరికి పంపాడన్న వివరాన్ని అతనికి నష్టం కలిగేలా, అతని అనుమతి లేకుండా రైల్వే కంపెనీ బయటపెట్టడం అక్కడి చట్టం ప్రకారం నేరం. వ్యాగన్ కదలికను పంచుకుంటారు, వ్యాపారి లెక్కను కాపాడతారు. మీ యజమానికి ఈ మాటే చెప్పి చూడండి.

మరొక జాగ్రత్త. ముగ్గురి కబుర్లూ కాంట్రాక్టరు చేతికే అప్పగిస్తే, ఎవరి అవసరం ఎంత అత్యవసరమో చూసి ఆయన కిరాయి పెంచే అవకాశం ఉంది. మూడు కర్మాగారాల గుమస్తాలు తమలో తాము మాట్లాడుకుని, ఏ రోజుకు మొత్తం ఎన్ని లారీలో మాత్రమే ఆయనకు చెప్పడం మేలు. ఏమేమి చెప్పుకోవాలో ఒక కాగితం మీద రాసుకుని ముగ్గురు యజమానుల చేతా సంతకాలు చేయించండి. రేకు ఆలస్యమైతే ఆ కబురు కూడా వెంటనే చెప్పాలన్న షరతు తప్పక ఉండాలి. పాతబడిన కబురును నమ్మి లారీలు కాపు కాయడం అసలు కబురు లేకపోవడం కన్నా ఖరీదైనది.

ప్రశ్న: రేకు రాక తెలియడం కోసం ఆర్‌ఆర్ (రైల్వే రసీదు) ఫొటో తీసి లారీ సంఘం వారికి పంపుతున్నాము. ప్రమాదమా?
– ఎరువుల వ్యాపారి, ఆమదాలవలస

జవాబు: మానుకోండి. రైల్వే రసీదులో పంపినవారు, అందుకునేవారు, సరుకు, బరువు, ఛార్జీ అన్నీ ఉంటాయి. పైగా 1989 రైల్వే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ రసీదు చేతులు మారితే సరుకు మీద హక్కు కూడా మారుతుంది. ఫొటో అసలు రసీదుతో సమానం కాకపోయినా, మీ వ్యాపార వివరమంతా అందులోనే ఉంది. లారీ సంఘానికి ప్లేస్‌మెంట్ సమయం, వ్యాగన్ల సంఖ్య చాలు. మరీ అవసరమైతే 11 అంకెల వ్యాగన్ నంబరు ఇవ్వండి. అందులో వ్యాగన్ రకం, ఏ రైల్వేకు చెందినది, తయారైన సంవత్సరం వంటివే ఉంటాయి గాని మీ సరుకు ఊసు ఉండదు. మీ రసీదు ఎలక్ట్రానిక్ రూపంలో వస్తున్నట్లయితే, దాని లాగిన్ పాస్‌వర్డును, ఫోనుకు వచ్చే ఓటీపీని ఎంత నమ్మకస్తుడైన ఏజెంటుకైనా ఇవ్వకండి.