ఒకటో సంపుటం జోలికి పోకు

అమ్మడూ,

అన్నమయ్య పాటలన్నీ ఒకటో నంబరు నుంచి వరసపెట్టి వింటానని, రోజుకిన్ని అని ఎక్సెల్ షీటు కూడా చేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెంగళూరులో ఆ ఆఫీసు పని మధ్య నీకీ బుద్ధి పుట్టినందుకు మావయ్యకి భలే గర్వంగా ఉంది. ఎక్సెల్ అనేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. సాహిత్యం ఎదురుగా పెట్టుకుని విను. ‘అన్నమయ్య’ సినిమాలో విన్నవన్నీ ఆయనవే అనుకోకు. ‘తెలుగు పదానికి జన్మదినం’ వేటూరిది.

ఇక అసలు సంగతి. స్టీల్‌ప్లాంటులో మా సెక్షన్లో ఒకాయన ఉండేవారు, నాకంటే బాగా చదువుకున్న మనిషి. తిరుపతి దేవస్థానం వాళ్ల సంపుటాలు తెప్పించి, మొదటి పేజీ నుంచి పట్టారు. గాజువాక నుంచి బస్సులో వస్తూ చదివేవారు. చదివిన ప్రతి పాట పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కు. మొదట వచ్చేవన్నీ ఆధ్యాత్మ కీర్తనలు. నువ్వే దిక్కు, ఈ మనసు నా మాట వినదు, ఈ సంసారం చాలు... వందలకొద్దీ అవే. ఒకరోజు క్యాంటీన్లో పుస్తకం బల్ల మీద పడేసి, “ఎన్నిసార్లు చెబుతాడయ్యా ఒకే మాట!” అన్నారు. ఆ పేజీలో సగం దాకా టిక్కులున్నాయి, తర్వాత లేవు.

అది ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల వరసండీ, మన స్టోర్స్ రిజిస్టర్ లాంటిది, వినేవాడి కోసం పెట్టింది కాదు అని మొత్తుకున్నాను. పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి 1503లో పోయేదాకా పాడిన మనిషి అన్నమయ్య. 32,000 అంటారు, దొరికినవి 12,000 పైచిలుకు. అందులో ఎక్కువ భాగం శృంగార కీర్తనలే. ఆ శృంగార సంపుటాలు మా సెక్షనాయన ఇంట్లో అట్ట కూడా తెరవకుండా ఉండిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది నాకు.

నువ్వు మొదలుపెట్టి వదిలేసిన కీబోర్డు ఇంకా మా అటక మీదే ఉందమ్మా. దెప్పడానికి అనడం లేదు. ఇదీ అక్కడికి చేరుతుందేమోనని నా భయం.

నువ్వు ‘నానాటి బదుకు నాటకము’తో మొదలుపెట్టు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడింది. ఆ రేవతి రాగం వరస కట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారు మన విశాఖలోనే ఉండేవారు, 2014లో ఇక్కడే పోయారు. రాగిరేకు మీద రాగం పేరుంటుంది గానీ స్వరం ఉండదు. మనం వినే వరసలు చాలామటుకు మొన్నమొన్న కట్టినవే. ఒకే పాట నాలుగు రకాలుగా దొరికితే ఏది అసలుదని తగువులోకి దిగకు.

అది నచ్చితే ‘తందనాన ఆహి’. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనని ఆ రోజుల్లో ఎంత తేలిగ్గా అనేశాడో చూడు! తర్వాత ‘కొలని దోపరికి గొబ్బిళ్లో’, ‘చందమామ రావో’. ఆడవాళ్ల ఆటల్లోంచి, అమ్మల నోళ్లలోంచి వచ్చిన ఇలాంటి వరసలు ఆయన దగ్గర బోలెడు.

అప్పుడు శృంగారంలోకి రా. ‘ఏమొకో చిగురుటధరమున’ విను. చాలామంది ‘చిగురుట’ దగ్గర ఊపిరి తీసుకుని ‘ధరమున’ అంటారు, అర్థం గోవిందా. అక్కడున్నది అధరం, అంటే పెదవి. చిగురులాంటి పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటింది, ఆ భామిని తన విభుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని చెలికత్తెలు అడుగుతున్నారు. కళ్ల చివర్లు ఎర్రబడ్డాయెందుకట? ప్రాణేశ్వరుడి మీద నాటిన చూపుల్ని పెరికి వెనక్కి తీసుకుంటే అంటుకున్న నెత్తురట! ఆ చరణం దగ్గర ఆగిపో. ఆ రోజుకి ఇంకోటి వినకపోయినా ఏం కాదు.

పెళ్లి కావాల్సిన పిల్లకి ఈ పాటలేమిటని మీ అమ్మ అనొచ్చు. నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను. ఆ షీటు మాత్రం తీసెయ్. దసరాకి వచ్చేటప్పుడు అర్థం కాని చరణాలు రాసుకుని తీసుకురా. నాకూ సగం తెలియవు. శబ్దరత్నాకరం నిఘంటువు కిందకి దించి పెడతాను, అందులో లేని మాటలకి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్దాం.

మీ మావయ్య