పల్ప్ యూనిట్ తొక్క, టెంకెల ఖర్చు తగ్గాలంటే

చిత్తూరు దగ్గర మీ తోతాపురి మామిడి పల్ప్ (గుజ్జు) యూనిట్లో తొక్కలు, టెంకెలు పారబోయడానికే లాభం పోతోందని, వాసనకు ఊళ్లో గొడవవుతోందని అడిగారు. బహుశా తొక్కలు, టెంకెలు రెండూ నేల కడిగిన నీళ్లతో కలిసి ఒకే గుంతలో పడుతున్నట్టున్నాయి.

1. మెషిన్ దగ్గరే తొక్కను, టెంకెను వేరు చేయండి.
2. చాలామంది వదిలేసేది ఇదే: నేల కడగకముందే తొక్కను పారతో ఎత్తేయాలి, కాలువ మూతికి జల్లెడ బిగించాలి. గుజ్జంటిన తొక్క నీళ్లలో నానితే తొందరగా పులుస్తుంది. ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు, మురుగునీటి శుద్ధి ట్యాంకు మీదా భారం పడుతుంది. సీజన్లో ఒక మనిషిని దీనికే పెట్టండి, ఆ కూలి దండగ కాదు.
3. టెంకెలు ఎండితే బాయిలర్‌కు పనికొస్తాయి.
4. తాజా తొక్కను అదే రోజు పాడి రైతులకివ్వండి. ఎండుగడ్డితో కొంచెమే పెట్టమనండి, ఎక్కువైతే ఆవులకు కడుపు చెడుతుంది.