ఏప్రిల్ చలిలో మొదటిసారి వేక్‌సర్ఫింగ్: వెళ్ళొచ్చు, కానీ ఆ మొదటి నిమిషం జాగ్రత్త

"సియాటిల్ దగ్గర ఉంటాం. సీజన్‌లో మొదటి రైడ్ అంటూ ఏప్రిల్ చివర్లో స్నేహితులు వేక్‌సర్ఫింగ్‌కి రమ్మంటున్నారు. నాకు ఈత అంతంతమాత్రం, చలి అస్సలు పడదు. వెళ్ళొచ్చా? ఏం సర్దుకోవాలి?" అని అడిగారు.

వెళ్ళండి. వేక్‌సర్ఫింగ్ అంటే బోటు వెనక లేచే అల మీద బోర్డేసుకుని నిలబడటమే. నిలబడగలనా లేదా అని బెంగ పెట్టుకోకండి, నాలుగుసార్లు పడితే అదే వస్తుంది. జాగ్రత్తంతా నీళ్ళలో దిగిన మొదటి నిమిషం గురించే. ఆ సంగతి తెలియక నేను దిగి తెల్లమొహం వేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

మాది కోనసీమ. అమ్మమ్మగారి ఊళ్ళో నడుముకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టించుకుని కాలవలో ఈత నేర్చుకున్నదాన్ని. నీళ్ళంటే నాకేం భయం అన్న ధీమాతో మూడేళ్ళ కిందట ఏప్రిల్ ఆఖరి శనివారం సియాటిల్ పక్కనున్న లేక్ సమామిష్‌కి బయల్దేరా. నేనూ, మావారూ, బోటున్న అన్నయ్యా, వదినా, ఇంకో ఇద్దరు స్నేహితులూ. (సొంత అన్నయ్య కాదు, ఇక్కడ కలిసిన వరస.) ఎండ ఫెళ్ళున కాస్తోంది. గాలి 65 డిగ్రీలు, ఫారన్‌హీట్‌లో. ఈ ఊళ్ళో ఆర్నెల్ల వాన తర్వాత 65 అంటే జనం నిక్కర్లు వేసుకుని రోడ్ల మీద పడతారని మీకు తెలిసిందే. బోటు స్క్రీన్ మీద మాత్రం నీళ్ళు 53 అని చూపిస్తోంది. సెల్సియస్‌లో 12 లోపు. ఇదే లేక్ ఆగస్టులో 70 దాటుతుంది. కానీ ఎండ వచ్చినంత తొందరగా నీళ్ళు వేడెక్కవు. 7 మైళ్ళ పొడవు, 100 అడుగుల దాకా లోతు ఉన్న లేక్, చలికాలాన్ని కడుపులో పెట్టుకుని నిదానంగా వదులుతుంది. పైన ఎండ చూసి మోసపోయేది ఇక్కడే.

నేను బడాయికి పోయి బోటు వెనక ప్లాట్‌ఫారం మీంచి దూకేశా. అంతే, ఊపిరి నా మాట వినలేదు. నోరు దానంతటదే తెరుచుకుని గాలి ఎగపీల్చింది. ఆ వెంటనే పరుగెత్తొచ్చిన కుక్కలా వగర్పు. వదిన వంగి "బానే ఉన్నావా?" అని అడుగుతోంది, నాకు గొంతు పెగలడం లేదు. కోల్డ్ షాక్ అంటే ఇదే. ఆ మొదటి ఎగపీల్పు తల నీళ్ళలో ఉండగా వచ్చిందంటే లోపలికి పోయేది గాలి కాదు. బాగా ఈత వచ్చినవాళ్ళు కూడా ఒడ్డుకి దగ్గర్లోనే మునిగిపోతుంటారే, దానికి ఇదో ముఖ్య కారణం. నాకు తల పైన ఉండటానికి కారణం లైఫ్ జాకెట్టే, కాలవ ఈత కాదు.

కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అని ఒకాయన ఉన్నారు. తనే మంచునీళ్ళలో దిగి చూపించిన మనిషి. ఆయన చెప్పిన లెక్క 1-10-1. ఊపిరి దారిలో పడటానికి 1 నిమిషం, కాళ్ళూ చేతులూ మన మాట వినేది 10 నిమిషాలు, ఒళ్ళంతా చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అది గడ్డకట్టే నీళ్ళ సంగతి. 53కి ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది గానీ, జరిగే వరస అదే. మనలాంటివాళ్ళం అందరం ఆ చివరి గంట గురించి భయపడి మొదటి నిమిషాన్ని పట్టించుకోం.

అందుకని మీరు దూకకండి. ఇంజను ఆపించి, ప్లాట్‌ఫారం అంచున కూర్చుని కాళ్ళు, నడుము, ఛాతీ అలా వరసగా దించండి. ముఖం మీద నాలుగు చుక్కలు చల్లుకోండి. అంచు వదలకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి నిదానంగా బయటికి వదలడం మీదే ధ్యాస పెట్టండి. నిమిషంలో సర్దుకుంటుంది. బోర్డు అప్పుడు అడగండి. బీపీయో గుండె జబ్బో ఉంటే మాత్రం ఈ ఏప్రిల్ సరదా వద్దు, హాయిగా జూలైలో వెళ్ళండి.

ఈత అంతంతమాత్రం అన్నారు కదా, లైఫ్ జాకెట్ మీద కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉందో లేదో లోపల చూసి వేసుకోండి. సర్ఫింగ్ వాళ్ళు స్టైల్‌గా వేసుకునే పల్చటి వెస్టులు కొన్నింటికి ఆ ముద్ర ఉండదు. వేసుకున్నాక ఎవరిచేతనైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించండి. చెవుల దాకా వచ్చిందంటే అది మీ సైజు కాదు.

సైజంటే వెట్‌సూట్ గుర్తొచ్చింది, అదే, చన్నీళ్ళలో దిగేటప్పుడు ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు సూట్. వదిన తన పాతది ఇచ్చింది. ఆవిడది నాకంటే ఒక సైజు పెద్ద. బిగుతుగా లేదు, భలే హాయిగా ఉందే అనుకున్నా. పైగా బోటుని నీళ్ళలోకి దించే ర్యాంప్ దగ్గర బాత్రూమ్‌లో పావుగంట కుస్తీపట్టి, మన నైటీకి ఉన్నట్టు జిప్పు ముందుకి వచ్చేలా తొడుక్కుని బయటికొచ్చా. వదిన పడీపడీ నవ్వి, మళ్ళీ లోపలికి లాక్కెళ్ళి విప్పించింది. ఆ సూట్‌కి జిప్పు వీపుకి రావాలి, మనం లాక్కోవడానికి దానికో పొడుగాటి పట్టీ ఉంటుంది.

ఇంతకీ వెట్‌సూట్ నీళ్ళని పూర్తిగా ఆపదు. కొంచెం నీళ్ళు లోపలికి వస్తాయి, ఆ పల్చటి పొర ఒంటి వేడికి వెచ్చబడుతుంది. నియోప్రీన్ రబ్బరులో ఉండే సన్నటి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. సూట్ వదులైతే పడ్డ ప్రతిసారీ వెచ్చబడ్డ నీళ్ళు పోయి, కొత్తగా చన్నీళ్ళు మెడ దగ్గర్నుంచి వెన్నుపూస వెంట జారతాయి. నాకు ఆరుసార్లు జారాయి. మీరు 4/3 అని రాసి ఉన్నది, అంటే ఒంటికి 4 మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్ళకీ 3 మిల్లీమీటర్లు ఉన్నది, ఒంటికి అతుక్కుపోయేలా అద్దెకి తీసుకోండి. మొదటిసారికే కొనకండి. కాళ్ళకి బూటీలు కూడా. లోపల కాటన్ బనియన్లు వద్దు.

ఇక అసలు ఆట. వేక్‌సర్ఫింగ్‌లో బోటు గంటకి సుమారు 10, 11 మైళ్ళ స్పీడులోనే పోతుంది కాబట్టి పడితే మామూలుగా పెద్ద దెబ్బ తగలదు, ధబేల్మని నీళ్ళలో కూర్చున్నట్టు ఉంటుందంతే. అల పెద్దగా లేవడానికి బోటు అడుగున ట్యాంకుల్లోకి లేక్ నీళ్ళే తోడతారు. అదీ చాలకపోతే "అందరూ ఎడమ పక్కకి జరగండమ్మా" అని మనల్ని కూడా బరువు కింద లెక్కేస్తారు. ఆ రోజు మావారు చాలా ఉపయోగపడ్డారు.

నీళ్ళలో వెల్లకిలా తేలుతూ మోకాళ్ళు ఛాతీకి ముడుచుకుని, బోర్డు అంచు మీద మడమలు పెట్టాలి. బోటుకి కట్టిన తాడు చివర హ్యాండిల్ మన చేతుల్లో ఉంటుంది. తాడు బిగుసుకోగానే మనకి తెలియకుండానే చేతులతో హ్యాండిల్‌ని గుండెల మీదకి లాక్కుంటాం. నేనూ అదే చేశా. "లాగకమ్మా, లాగకు!" అని అన్నయ్య అరుస్తూనే ఉన్నాడు. అయిదుసార్లు ముక్కులోకి నీళ్ళు పోయాక గానీ అర్థం కాలేదు. చేతులు చాపే ఉంచి, ముడుచుకునే కూర్చోవాలి. బోటు లాగుతుంటే బోర్డు దానంతటదే పాదాల కిందకి వచ్చి మిమ్మల్ని లేపుతుంది. పీట మీద కూర్చోబెట్టి పీటతో సహా ఎవరో ఎత్తినట్టు ఉంటుంది. మీరు లేవడానికి తొందరపడితే ముందుకి బొక్కబోర్లా. ఏడోసారి నేను నిలబడ్డా. పక్కన నడుమెత్తు అల, ఆకుపచ్చగా, అద్దంలా, కదలకుండా నాతోపాటే వస్తోంది. ఎనిమిది సెకన్లు ఉంటుందేమో. తాడు వదిలి సర్ఫ్ చేయడం వేరే రోజు సంగతి, మొదటి రోజు దాని జోలికి పోకండి.

పిలిచినవాళ్ళని రెండు విషయాలు అడగండి. ఒకటి, బోటు ఇన్‌బోర్డా? అంటే ప్రొపెల్లర్ బోటు అడుగున, వెనక అంచుకి లోపలగా ఉండాలి. వెనక మోటారు వేలాడే బోటైతే సర్ఫింగ్ చేయనేకూడదు, సర్ఫర్ ఉండేది ప్రొపెల్లర్‌కి దగ్గర్లోనే. రెండు, డ్రైవర్ కాకుండా వెనక్కి చూసే మనిషి ఎవరు? వాషింగ్టన్ రాష్ట్రంలో ఇది చట్టం. సర్ఫర్ పడగానే ఆ మనిషి ఎర్రదో నారింజదో జెండా ఎత్తాలి. నా వంతు అయిపోయాక ఆ జెండా నాకిచ్చారు. నా వణుకుకి అది దానంతటదే ఊగింది.

చలి రోజుల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఇంజను నడుస్తుంటే బోటు వెనక కాస్త వెచ్చగా ఉంటుంది కదా అని తడి ఒంటితో ప్లాట్‌ఫారం మీద కూర్చోబుద్ధవుతుంది. అక్కడికి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మగత వస్తే చలి వల్లే అనుకుంటాం. ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపూ అక్కడ ఎవరూ కూర్చోకూడదు.

"ఒక పెగ్గు వేస్తే చలి ఎగిరిపోతుంది" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. మందు చర్మం కింది రక్తనాళాలని వెడల్పు చేస్తుంది. పైకి వెచ్చగా అనిపించేది లోపలి వేడి బయటికి పోతున్నందుకే. ఒడ్డుకి వచ్చి ఇంటికి చేరాక ఏం తాగుతారో మీ ఇష్టం.

మీ వంతు పది నిమిషాలకి మించనివ్వకండి. బోటెక్కాక ఆలస్యం చేయకుండా తడిబట్టలు మార్చేయండి, కదిలే బోటులో గాలికే ఎక్కువ చలి. నాకు వేళ్ళు కొంకర్లు పోయి జిప్పు పట్టీ కూడా అందలేదు, వదినే లాగింది. కుబుసం ఒలిచినట్టు ఒలిచింది పాపం. అందుకే పైన వేసుకునే బట్టలు గుండీలు లేనివి, వదులువి తెచ్చుకోండి. పెద్ద తువ్వాలు, ఉన్ని సాక్సులు, ఫ్లాస్కు నిండా వేడిగా ఏదో ఒకటి. నేను మిరియాల చారు పట్టుకెళ్ళా. కాఫీలు తెచ్చుకున్నవాళ్ళంతా ఆ చారు కోసం మూతలు పట్టుకుని క్యూ కట్టారు.

మావారు ఊరి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ కూడా సంచిలో వేశారు. ర్యాంప్ దగ్గర దాన్ని చూసి అందరూ ఒకటే ఎగతాళి. రెండో రౌండ్ అయ్యేసరికి అది చేతులు మారడం మొదలైంది. చివరికి అన్నయ్య అది పెట్టుకునే బోటు నడిపాడు. ఇప్పటికీ తిరిగివ్వలేదు, స్టీరింగ్ పక్కన అరలోనే ఉంటుంది.