రుజువులు లేవని లేబర్ కేసును మధ్యలోనే కొట్టేస్తారా?

ప్రశ్న: మాది గాజువాక. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ప్లాంటులో ఆరేళ్లు రోజుకూలీకి పనిచేశాను. 2022 ఆగస్టులో ఒకరోజు గేటు దగ్గరే ఆపి, రేపట్నుంచి రావద్దన్నారు. నోటీసు, డబ్బు ఏమీ ఇవ్వలేదు. 2023లో విశాఖ లేబర్ కోర్టులో కేసు వేశాను. నా సాక్ష్యం అయింది. క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నించినప్పుడు) అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉందా అని అడిగితే లేదన్నాను. ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్లు ‘240 రోజులు పనిచేసినట్టు రుజువు లేదు, మా సాక్షులతో పని లేదు, కేసు కొట్టేయండి’ అని మెమో వేశారు. వచ్చే వాయిదాకి కేసు పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఆ మెమో ఒక్కటి చూసి కేసు కొట్టేయరు. సెషన్స్ కోర్టులో క్రిమినల్ కేసయితే, ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక అసలు ఆధారమే లేదనిపిస్తే జడ్జి అక్కడే నిందితుణ్ణి వదిలేయొచ్చు. మీరు కేసు వేసినప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లో (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది) కేసును అలా మధ్యలో ముగించమనే హక్కు యాజమాన్యానికి ఇచ్చిన సెక్షన్ లేదు. కేసులను మధ్యలో ఒక్కో అభ్యంతరం దగ్గర ఆపకుండా అన్ని అంశాలూ కలిపి తేల్చాలని సుప్రీంకోర్టు 1983లోనే డి.పి. మహేశ్వరి కేసులో చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

అలాగని ధీమాగా కూర్చోవద్దు. మెమోలో వాళ్లు చెబుతున్నది, మా తరఫున సాక్ష్యం లేదు, ఉన్నదాని మీదే తేల్చండి అని. అప్పుడు వాదనలు విని, రికార్డులో ఉన్నదాన్ని బట్టి అవార్డు (లేబర్ కోర్టు తీర్పు) ఇస్తారు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే రికార్డులో ఉన్నది మీ మాట ఒక్కటే. నాకు భయమేసేది అక్కడే.

చట్టం రక్షణ దక్కాలంటే, పనిలోంచి తీసేసిన రోజు నుంచి వెనక్కి 12 నెలల్లో 240 రోజులు పనిచేశామని చూపించాల్సింది కార్మికులే. 2005లో ఆర్.ఎం. యెల్లట్టి కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేస్తూనే, రోజుకూలీల దగ్గర ఆర్డర్లు, జీతం స్లిప్పులు ఉండవన్న సంగతీ ఒప్పుకుంది. మస్టర్ రోల్ (హాజరు పట్టీ), జీతాల రిజిస్టరు తెప్పించమని కార్మికులు కోరవచ్చంది. ఉత్త అఫిడవిట్ మాత్రం చాలదని తేల్చి చెప్పింది. కాబట్టి మీరు అడిగారా లేదా అన్నదాని మీదే కేసు చాలావరకు ఆధారపడి ఉంటుంది. అడగకపోతే వాళ్లు దాచారని అనడానికి మనకు నోరుండదు.

వాయిదా రోజున మెమోకి కౌంటర్ వేసి ఊరుకోకండి. అదే రోజు ఆ 1947 చట్టం సెక్షన్ 11(3) కింద రికార్డులు తెప్పించమని పిటిషన్ వేయించండి. కోర్టుకు ఆ అధికారం సివిల్ కోర్టుతో సమానంగా ఉంది. ‘అన్ని రికార్డులూ’ అని రాయొద్దు. 2021 ఆగస్టు నుంచి 2022 ఆగస్టు దాకా మస్టర్ రోల్, జీతాల రిజిస్టరు, గేటు రిజిస్టరు, పీఎఫ్ ఈసీఆర్‌లు (కంపెనీ నెలనెలా వేసే పీఎఫ్ లెక్కలు), ఈఎస్ఐ చలాన్లు అని విడివిడిగా రాయించండి. మీ ఎవిడెన్స్ క్లోజ్ అయిపోయి ఉంటే, తిరిగి తెరవమని ఇంకో పిటిషన్ కూడా కావాలి. తెమ్మని కోర్టు చెప్పాక కూడా యాజమాన్యం తేకపోతే, ఆ రికార్డులు వాళ్లకు వ్యతిరేకంగా ఉన్నాయని కోర్టు అనుకోవచ్చు. అది తప్పనిసరిగా జరుగుతుందని కాదు, మిగతా ఆధారాలను బట్టి కోర్టు చూస్తుంది. 2009లో గుజరాత్ ఫిషరీస్ శాఖ రోజుకూలీ కేసులో పూర్తి రికార్డు పెట్టకపోవడమే యాజమాన్యం కొంప ముంచింది.

మీ చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. పీఎఫ్ కట్టి ఉంటే పాస్‌బుక్ ప్రింటు తీయించండి. కంపెనీ ప్రతి నెలా వేసే ఈసీఆర్‌లో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది. మీకు జీతం లేని రోజులెన్నో అందులో వాళ్లే రాసిస్తారు. జూన్‌లో ఆ గడిలో 4 అని ఉంటే, 26 రోజులకు జీతం ఇచ్చినట్టు వాళ్లే ఒప్పుకున్నట్టు. పాస్‌బుక్‌లో సంస్థ పేరు కూడా చూడండి. అక్కడ కాంట్రాక్టర్ పేరుంటే ఆ విషయం మీ లాయరుకు ఇప్పుడే చెప్పాలి, కేసు దారే మారుతుంది. జీతం బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంటు, మీ పక్కన రొయ్యలు ఒలిచిన ఇద్దరు ముగ్గురి సాక్ష్యం కూడా పెట్టండి. ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్లు రావడానికి భయపడతారు, మానేసినవాళ్లను అడగండి.

లెక్క వేసేటప్పుడు జీతంతో ఇచ్చిన వారపు సెలవులు, పండగ సెలవులు వదిలేయకండి. అవీ 240లో కలుస్తాయని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కేసులో జస్టిస్ చిన్నప్పరెడ్డే తీర్పిచ్చారు. 225 దగ్గర ఆగిపోయాయనుకున్న లెక్కలు ఇలాగే దాటుతాయి.

240 రోజులు నిలబడితే, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ, దాంతోపాటు పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వకుండా మిమ్మల్ని తీసేయడం సెక్షన్ 25ఎఫ్ ప్రకారం చెల్లదు. రోజుకూలీల విషయంలో ఈమధ్య కోర్టులు మళ్లీ పనిలో పెట్టుకోమనడం కన్నా ఒకేసారి పరిహారం ఇప్పించడానికే మొగ్గు చూపుతున్నాయి. మీకు పనే కావాలంటే, తీసేశాక మీ స్థానంలో కొత్తవాళ్లను పెట్టుకున్నారా అన్నది కనుక్కుని, ఆ వివరం కూడా సాక్ష్యంలోకి తెప్పించండి.