గాజులు కుదువ పెట్టి ప్రింటర్ కొనాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది పర్లాకిమిడి. మావారు టైలర్, ఎక్కువగా స్కూల్ యూనిఫారాలు కుడతారు. మా అబ్బాయి ఈ ఏడు కామర్స్‌తో ప్లస్ టూ పాసయ్యాడు. వేసవిలో బరంపురంలో మా అన్నయ్య ఇంట్లో నెల్లాళ్ళు ఉండి, అక్కడ టీషర్టులు ప్రింట్ చేసే షాపులో పని చూసి వచ్చాడు. ఫిల్మ్ మీద బొమ్మ వేసి బట్టకి అంటించే మిషనట. ఇప్పుడు ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో, చేరనంటున్నాడు, మూడు లక్షలు పెట్టి ఆ మిషన్ కొనిపెట్టమంటున్నాడు. అమ్మేవాళ్ళు రోజుకి ఐదు వేలు మిగులుతాయని చెప్పారట. నా గాజులు కుదువ పెట్టడం తప్ప మాకు వేరే దారి లేదు. చదువు మానుకుని చేసేంత పనేనా ఇది? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీవాడు చెడు దారి పట్టలేదు. పద్ధెనిమిదేళ్ళకి ఒక పని చూసి ఇష్టపడి, నెల్లాళ్ళు దాని దగ్గర నిలబడి వచ్చాడు. అలాంటి పిల్లలు నా దగ్గరికి చాలా తక్కువమంది వస్తారు. ఆ ఇష్టాన్ని చంపకండి. గాజులు మాత్రం ఇప్పుడే పెట్టెలోంచి తీయకండి. ఈ రెండు మాటలూ కలిపి ఎందుకంటున్నానో చెబుతాను. కొంచెం ఓపిగ్గా చదివి, తర్వాత మీవాడి చేత కూడా చదివించండి.

ఈ పనిని డీటీఎఫ్ అంటారు, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద బొమ్మని అద్దంలో కనబడినట్టు తిరగేసి ప్రింట్ చేస్తారు. ముందు రంగులు పడతాయి, వాటి మీద తెల్ల ఇంకు పడుతుంది. ఇంకు తడి ఆరకముందే జిగురు పౌడర్ చల్లి దులిపేస్తే, బొమ్మ ఉన్నంత మేరా పౌడర్ అంటుకుని మిగతాది రాలిపోతుంది. దాన్ని వేడి చేస్తే పౌడర్ కరిగి పొరలా పరుచుకుంటుంది. అక్కడికి ఫిల్మ్ తయారు. తర్వాత ఆ ఫిల్మ్‌ని బట్ట మీద బోర్లించి హీట్ ప్రెస్‌లో 150, 160 డిగ్రీల వేడి మీద 10 నుంచి 15 సెకన్లు నొక్కితే జిగురు పోగుల్లోకి దిగుతుంది. ఫిల్మ్ లాగేస్తే బొమ్మ బట్ట మీద మిగులుతుంది. నూలైనా పాలిస్టరైనా, నల్ల బట్టయినా తెల్ల బట్టయినా పని జరుగుతుంది. ఈ పద్ధతి ఇంతగా పాకడానికి కారణం అదే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. తయారైన ఫిల్మ్‌ని చుట్ట చుట్టి పార్సిల్‌లో పంపవచ్చు. ఒక ఊళ్ళో ప్రింట్ చేసి ఇంకో ఊళ్ళో నొక్కవచ్చు. ఫిల్మ్ ప్రింట్ చేసే షాపులు మీటరు లెక్కన ఇతరులకి కూడా వేసి ఇస్తాయి. మీవాడు అడుగుతున్నది ఫిల్మ్ వేసే మిషన్, మీ షాపుకి ఈ ఏడాది కావలసింది నొక్కే మిషన్. రెండోదాని ధర మొదటిదానిలో చిన్న భాగం.

ప్రింటర్ వద్దని ఎందుకంటున్నానంటే, దాని ప్రాణమంతా తెల్ల ఇంకులో ఉంది. అందులో ఉండేది టైటానియం డయాక్సైడ్ అనే బరువైన పొడి. సున్నపు నీళ్ళు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది చూడండి, ఇదీ అంతే. రోజూ కదిలిస్తూ, కొంచెమైనా ప్రింట్ తీస్తూ, ఇంకు చిమ్మే హెడ్‌ని శుభ్రం చేస్తూ ఉండాలి. పోయినేడు నేను ఒక కుర్రాడి షాపుకి వెళ్ళాను. అక్క పెళ్ళని తొమ్మిది రోజులు షాపు మూసి, ఆ రోజే తెరిచాడు. టెస్ట్ ప్రింట్ తీస్తే తెలుపు దువ్వెన పళ్ళలా గీతలు గీతలుగా పడింది. క్లీనింగ్ ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు వేశాడు. సీసాలో ఇంకు తగ్గిందే కానీ గీతలు పోలేదు. ఆ పిల్లాడి మొహం నాకింకా గుర్తుంది. హెడ్ మార్చాలంటే వేలల్లో పని, మెకానిక్ రావాలంటే భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో రావాలి.

మన వైపు వాతావరణం, కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు లేక ఎన్ని రోజులు గడిపారో మీకే తెలుసు. ఆర్డర్లు లేక ఖాళీగా కూర్చున్నా, కరెంటు లేక ఆగిపోయినా, హీట్ ప్రెస్‌కి ఏమీ కాదు. ప్రింటర్ మాత్రం పాడవుతుంది. వానాకాలం తేమకి పౌడర్ ఉండ కట్టి, బొమ్మ లేని చోట కూడా అంటుకుంటుంది. రోజూ నిండుగా పని ఉన్నవాడికి అది బంగారు బాతే. వారానికి రెండు ఆర్డర్లు వచ్చేవాడికి అప్పు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఫిల్మ్ మీద ప్రింట్ పడే వెడల్పు 56 సెంటీమీటర్లు అనుకోండి. ఛాతీ మీద వేసే 27 బై 30 సెంటీమీటర్ల బొమ్మలు మీటరుకి ఆరు పడతాయి. జేబు మీద వేసే 8 సెంటీమీటర్ల స్కూల్ బ్యాడ్జీలైతే అరవై దాకా పడతాయి. మీటరు 300 రూపాయలని లెక్కకోసం అనుకుంటే పెద్ద బొమ్మకి 50, బ్యాడ్జీకి 5 రూపాయలు. అసలు ధర మీవాడు పని చూసిన షాపులోనే అడగమనండి. వాళ్ళు పరిచయస్తులు కాబట్టి, ఫిల్మ్ వేసి బస్సులో పార్సిల్ పెడతారేమో కూడా కనుక్కోమనండి.

బ్యాడ్జీ అని ఊరికే అనలేదమ్మా. మీ ఇంట్లో ఉన్న బలం మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయింది: మీవారు యూనిఫారాలు కుడతారు. మిగతా ప్రింటింగ్ షాపుల వాళ్ళు కుట్టిన చొక్కా తెచ్చుకుని జేబు మీద నొక్కుతారు. జేబు చుట్టూ కుట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒత్తిడి సరిగ్గా పడదు, నాలుగు ఉతుకులకి బ్యాడ్జీ అంచు లేస్తుంది. మీవారైతే జేబు ముక్క కత్తిరించగానే, కుట్టకముందే, చదునుగా పరిచి నొక్కించవచ్చు. ముందు మూడు నాలుగు సెకన్లు ఖాళీగా నొక్కి బట్టలో చెమ్మ పోగొట్టాలి, తర్వాత ఫిల్మ్ పెట్టాలి. ఫిల్మ్ లాగేశాక బేకింగ్ పేపర్ కప్పి ఇంకోసారి నొక్కాలి. ఈ రెండో నొక్కుడు బద్ధకించే షాపులు చాలా ఉన్నాయి, బొమ్మ త్వరగా పగిలేది అక్కడే. కొన్ని ఫిల్ములు వేడిగా ఉండగానే లాగాలి, కొన్ని పూర్తిగా చల్లారాక లాగాలి. ఫిల్మ్ ఇచ్చిన షాపువాళ్ళని ఏ రకమో అడగకుండా ఒక్క ముక్క కూడా నొక్కవద్దని చెప్పండి.

బట్ట గుణం కూడా తండ్రి దగ్గరే నేర్చుకోవాలి. వాలీబాల్ టీం వాళ్ళు ఎర్ర పాలిస్టర్ జెర్సీలు తెచ్చి తెల్ల నంబర్లు వేయమంటారు. నూలుకి పెట్టిన వేడే దానికీ పెడితే ఆ సాయంత్రానికి తెల్ల నంబరు లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. వేడికి పాలిస్టర్‌లోని రంగు లేచి తెలుపులోకి ఎక్కుతుంది. వేడి తగ్గించి, ముందు ఒక్క జెర్సీ మీద వేసి, మర్నాటి దాకా ఆగి చూడాలి. జెర్సీ నిండా రంగులు కావాలంటే అది సబ్లిమేషన్ పని, అంటే వేడికి ఇంకు ఆవిరై పోగుల్లోకి ఎక్కే పద్ధతి, లేత రంగు పాలిస్టర్ మీదే అవుతుంది. దానికి ఇంకు వేరు, వేడి వేరు. మీవాడికి ఈ తేడా తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి. తెలిస్తే వాడు బరంపురంలో నిజంగా పని నేర్చుకున్నట్టే.

ఇక చదువు సంగతి. నొక్కడం వారంలో వస్తుంది. ఫిల్మ్ మీద ఏం వేయాలో తెలియడానికి ఏళ్ళు పడుతుంది, పని విలువంతా అక్కడ ఉంది. ఎక్కడా ఖాళీ వదలని పెద్ద బొమ్మ వేస్తే అది ఎండాకాలంలో ఛాతీకి ప్లాస్టిక్ పలకలా అంటుకుంటుంది, గాలి ఆడదు. తెలిసినవాడు బొమ్మలోనే బట్ట కనబడేలా ఖాళీలు వదులుతాడు. మరీ సన్నని గీతకి పౌడర్ సరిగ్గా పట్టదు. తలకట్టు కొసలు, సున్నా మెలికలు సన్నగా ఉన్న తెలుగు ఫాంట్ వాడితే రెండు ఉతుకుల్లో అక్షరం గుండు కొట్టించుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ సరిచూసుకోకపోతే వత్తులు విడిపోతాయి. తెలుగు రాని ఆపరేటర్ దాన్ని గుర్తించలేడు, అలాగే ముద్ర వేసి ఇచ్చేస్తాడు. అలాంటి టీషర్టులు ఉత్సవాల్లో వేసుకుని తిరిగే పిల్లల్ని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆయన అక్కడి గిరిజనుల సవర భాష కూడా నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. మీవాడికి తెలుగూ ఒడియా రెండు లిపులూ వచ్చుంటాయి. సవరల సోంపెంగ్ లిపి కూడా నేర్చుకుంటే మూడు భాషల వాళ్ళకీ తప్పుల్లేకుండా అందంగా అక్షరం వేసి ఇవ్వగలడు. ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు చక్కగా పడుతుంది. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టమనండి.

అందుకని ప్లస్ త్రీ మానవద్దు. ఎస్‌కేసీజీ కాలేజీ మీ ఊళ్ళోనే ఉంది, పొద్దున్న క్లాసులు, సాయంత్రం షాపు. కాలేజీకి వెళ్ళలేకపోతే ఒడిశా స్టేట్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. డిజైన్ మీద వాడికి నిజమైన ఆకలి ఉందని ఏడాదిలో తేలితే, భువనేశ్వర్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో బీడిజైన్ డిగ్రీకి ఏ గ్రూపుతో ప్లస్ టూ చదివినా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఫీజు మాత్రం బరువే, దాచి చెప్పను. బట్ట, నూలు, అద్దకం మీద ఇష్టముంటే బర్గఢ్‌లో చేనేత సాంకేతిక సంస్థ మూడేళ్ళ డిప్లొమా ఇస్తుంది. చాలామంది తలిదండ్రులకి తోచని ఇంకో దారి సర్వీస్ మెకానిక్ పని. ఈ ప్రింటర్లు ఊరూరా పెరుగుతున్నాయి కానీ బాగుచేసేవాళ్ళు దగ్గర్లో లేరు. మన గంజాం జిల్లా వాళ్ళు మరమగ్గాల పనికి సూరత్ వెళ్ళడం మీరు చూస్తూనే ఉన్నారు. డిజిటల్ బట్టల ప్రింటింగ్‌కి కూడా సూరత్ పెద్ద కేంద్రమే. హెడ్లు, రంగుల సెట్టింగులు తెలిసిన కుర్రాడు అక్కడికి కూలీగా వెళ్ళనక్కర్లేదు.

డబ్బు సంగతి. హీట్ ప్రెస్‌కి, కొన్ని టీషర్టులకి ముద్రా పథకంలో శిశు రుణం సరిపోవచ్చు. 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. మీవారి షాపు పేరున బ్యాంకులో అడగండి. ప్రింటర్ దాకా వచ్చే రోజు వస్తే అప్పుడు పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం చూడండి. పట్టణంలో మామూలు వర్గానికి 15 శాతం, మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీల్లాంటి వర్గాలకి 25 శాతం సబ్సిడీ ఉంది, పల్లెల్లో ఇంకా ఎక్కువ. కానీ అది కొత్తగా పెట్టే యూనిట్లకే. మిషన్ ముందు కొనేసి తర్వాత సబ్సిడీకి వెళితే ఇవ్వరు. తొందరపడి గాజులు పెట్టి కొనవద్దనడానికి ఇది ఇంకో కారణం. జిల్లా పరిశ్రమల కేంద్రం మీ ఊళ్ళోనే ఉంది కదా, ముందుగా ఒకసారి వెళ్ళి మాట్లాడి రండి.

తల్లిగా మీరు పట్టుబట్టాల్సినవి రెండున్నాయి. ప్రెస్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టనివ్వవద్దు. అది ఇస్త్రీ పెట్టెకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎలక్ట్రీషియన్‌తో విడిగా మందపాటి వైరు, ఎర్తింగ్ వేయించండి. ఎప్పుడైనా ప్రింటర్ వస్తే పడుకునే గదిలో పెట్టనివ్వవద్దు. పౌడర్ కాల్చేటప్పుడు పొగ వస్తుంది, బయటికి పోయే ఫ్యాన్ ఉండాలి, పౌడర్ చల్లేవాడు మాస్క్ కట్టుకోవాలి. ఇంకొకటి మీవాడికి నా మాటగా చెప్పండి: పెద్ద కంపెనీల గుర్తులు, సినిమా పోస్టర్లు దింపి అమ్మవద్దు. అడిగేవాళ్ళు రోజూ వస్తారు. కేసు మాత్రం ముద్రించినవాడి మీద పడుతుంది.

ఏడాది ఇలా నడపనివ్వండి. ప్రతి నెలా ఎన్ని మీటర్ల ఫిల్మ్ తెప్పించాడో ఒక నోట్‌బుక్‌లో రాయించండి. రోజుకి సగటున ఎన్ని మీటర్లు ఖర్చవుతోందో చూస్తే ప్రింటర్ కొనాలా వద్దా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. రోజుకి ఐదు వేలు మిగులుతాయన్న మనిషి ఈలోగా మళ్ళీ ఫోన్ చేస్తే, డెమో చూడటానికి శనివారం వస్తామని చెప్పండి. మీ కళ్ళముందే మిషన్ ఆపించండి. మంగళవారం మీవాణ్ణి మళ్ళీ పంపి, క్లీనింగ్ వేయకుండా మొట్టమొదటి ప్రింట్‌గా తెల్ల అక్షరాలు తీయించమనండి. ఆ ముక్కని నల్ల బట్ట మీద నొక్కించి ఇంటికి తెచ్చుకోండి. ఒక రోజు ఆగి, తిరగేసి, చన్నీళ్ళలో ఇరవై సార్లు ఉతికాక నాకు ఫోటో పంపండి. అప్పుడు మాట్లాడుకుందాం.