కొత్త బియ్యం మొదట ఎవరికి?

ప్రశ్న: మనం సంక్రాంతిని జనవరిలో చేసుకుంటాం. ఓణం ఆగస్టులోనో సెప్టెంబరులోనో వస్తుంది. మా వీధి చివరనున్న చర్చిలో కోత పండుగ పేరుతో గుమ్మడికాయలు, ధాన్యం తెచ్చి పెడతారు. పంట పండుగలకు ఇన్ని తేదీలెందుకు? చర్చివారు సంక్రాంతిని చూసి ఆ పండుగ మొదలుపెట్టారా? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పంచాంగం కన్నా ముందు పొలాన్ని చూడాలి. మన సార్వా వరి నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకొచ్చి, కుప్ప నూర్చి, గాదెకు చేరేసరికి సూర్యుడు మకరంలో ప్రవేశిస్తాడు. కేరళలో విరిప్పు అనే తొలి పంట మలయాళ మాసమైన చింగం నాటికే చేతికొస్తుంది కనుక అక్కడ ఓణంలో ముఖ్యమైన తిరువోణం నాడు అరటాకు వేసి సద్య అనే విందు వడ్డిస్తారు. పశ్చిమ ఒడిశావారి నువాఖాయి వినాయక చవితి మర్నాడు వస్తుంది. నువా అంటే కొత్తది, ఖాయి అంటే తినడం. సంబల్‌పూర్‌లో కొత్త ధాన్యం ముందు సమలేశ్వరి అమ్మవారికి నివేదన అవుతుంది. ఆ తరువాత ఇంటి పెద్ద అందరికీ పంచితే, చిన్నవాళ్లు తిని పెద్దల కాళ్లకు మొక్కుతారు.

మన ఇళ్లలోనూ కొత్త బియ్యం మొదట పొంగలిగానో పరమాన్నంగానో దేవుడి ముందుకే వెళతాయి. దీనికి వంటింటి కారణం కూడా ఉంది. కొత్త బియ్యంతో వండిన అన్నం ముద్దకట్టుకుపోతుంది కనుక రోజువారీ భోజనానికి అంత బాగుండదు. బెల్లం, పాలు చేరిన పొంగలికి మాత్రం ఆ జిగటే రుచినిస్తుంది. అస్సాంవారు తమ పంట పండుగ మాఘ బిహుకు చేసే పిఠాలనే పిండివంటలకు కావాలని జిగురు బియ్యమే వాడతారు.

ఇక చర్చి సంగతి. ఆ పండుగకు మూలం సంక్రాంతి కాదు. బైబిలులోని నిర్గమకాండం 23వ అధ్యాయంలోనే కోత పండుగ ప్రస్తావన ఉంది. తొలి పనను, అంటే మొదట కోసిన వెన్నుల కట్టను, దేవునికి అర్పించేదాకా రొట్టె గాని, వేయించిన గింజలు గాని, పచ్చి వెన్నులు గాని తినకూడదని లేవీయకాండం 23వ అధ్యాయం చెబుతుంది. నువాఖాయి నియమానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి! ఇంగ్లండు చర్చిల్లో నేటి తరహా కోత పండుగను 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో గ్రామంలో రాబర్ట్ హాకర్ అనే మతాధికారి మొదలుపెట్టాడు. మన ప్రాంతంలో చాలా చర్చిల్లో ఆరాధన అయ్యాక కానుకలను వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయను బజారు ధరకు ఎన్నో రెట్లకు పాడుకునేవారిని నేను చూశాను.

నన్ను ఎక్కువగా కదిలించేది లేవీయకాండం అదే అధ్యాయంలో తరువాత వచ్చే ఆజ్ఞ. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగెను బీదలకు, పరదేశులకు వదిలిపెట్టమని ఆ మాట. యూదులు తమ కోత పండుగైన షావూత్ నాడు చదివే రూతు కథ, పరిగె ఏరుకోవడానికి పొలానికెళ్లిన ఒక పరదేశి విధవరాలి కథే. బైబిలును తెలుగు చేసినవారికి పరిగె అన్న మాట మన వరిచేలల్లో సిద్ధంగా దొరికింది. కోత యంత్రాలు తిరిగే చేలల్లో ఇప్పుడు పరిగె ఏరే ఆడవాళ్లు అరుదుగానే కనిపిస్తున్నారు.