మూడు బుర్రల్లో చోళ్లు ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మ మూడు ఆనపబుర్రల్లో మూడు రకాల చోళ్ల (రాగుల) విత్తనం దాచింది. కంకులు ఒకేలా ఉంటాయి. డీఎన్‌ఏ టెస్టులో తేడా తెలుస్తుందా మేడమ్?
– ఓ రైతు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: తెలుస్తుంది బాబూ. నేలనీ వాననీ బట్టి కంకి మారుతుంది, డీఎన్‌ఏ మారదు. అందులో జీఏ-జీఏ-జీఏ అంటూ (జీ, ఏ అనేవి డీఎన్‌ఏ అక్షరాలు) ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చే చోట్లుంటాయి. ఒక రకంలో పదిసార్లొస్తే, ఇంకోదాంట్లో పద్నాలుగుసార్లు రావచ్చు. రకాల్ని గుర్తుపట్టే ఈ చోట్లే ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు. లేతాకు నూరి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ అనే పద్ధతితో ఆ చోటుకి లెక్కలేనన్ని నకళ్లు తీసి, జెల్ అనే జిగురు పలకలో కరెంటుతో నడిపిస్తే, చిన్నది ముందుకు పోతుంది, పెద్దది వెనకబడుతుంది. ఆ ముక్కలు జెల్‌లో గీతల్లా వేర్వేరు చోట్ల మెరవడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఒక్క మార్కరు చాలదు సుమా, ఒక్క మొక్కా చాలదు. నాటు రకంలో మొక్కకీ మొక్కకీ తేడా ఉండొచ్చు. రకానికి పదేసి మొక్కల ఆకులు విడివిడిగా కావాలి. అందాకా మూడు బుర్రలూ కలిపెయ్యకండి.